జంపఖానాలో చుట్టిన పెట్టె

వరంగల్ కాశిబుగ్గలో ఎవరినైనా అడగండి, రాయమల్లుతో వాదం పెట్టుకోవద్దనే చెప్తారు. ఓడిపోతామని కాదు. గెలిచినా ఆయన ఒప్పుకోడు, ఒప్పుకోకపోగా పొద్దుగూకేదాకా మనల్ని ఇంటికి పోనివ్వడు. జంపఖానాలు నేసే మనిషి. నేల మీద పరుచుకునే ఆ మందపాటి నూలు తివాచీ ఆయన మగ్గం దిగిందంటే, ఎంత దులిపినా అంచు వంకర పోదు. ఈ మాట కొన్నవాళ్లు అనేదాకా ఆగే ఓపిక ఆయనకు లేదు, ముందే తనే అనేస్తాడు. "నా జంఖాన మీద నీళ్లు పోసి చూడు, దిగనీకి సందు దొరకదు" అని ఒకసారి ఎవరో బేరగాడి ముందు నిజంగానే చెంబెడు నీళ్లు పోశాడు. నీళ్లు దిగాయి. "నువ్వు గట్టిగ పోసినవ్" అని ఆ బేరగాడినే తిట్టాడు, పోసింది తనే అయినా సరే.

అలాంటి మనిషితో షుగరు జబ్బు వాదం పెట్టుకుంది. ఆ ఒక్కదానితోనే ఆయన ఓడిపోయాడు. మొదట ఆయన కళ్లకు డిజైన్ కాగితం మీది గళ్లు అలుక్కుపోయాయి, తర్వాత రంగులు పోయాయి, చివరికి కిటికీ ఎటు ఉందో తెలిసేంత వెలుతురు మాత్రం మిగిలింది. దవాఖానలో ఇక ఇంతేనన్నారు.

జంపఖానా నేతలో చేతికి తెలిసేది చాలా ఉంది. దారం బిగువు, పోగులను అదిమే దువ్వెన లాంటి పంజాతో కొట్టే దెబ్బ, అంచు తిరగడం, ఇవన్నీ రాయమల్లు చేతులకు కళ్లు లేకపోయినా తెలుసు. కానీ ఏ వరుసలో ఏ రంగు ఎన్ని పోగులు పోవాలో కాగితమే చెప్పాలి. ఆ కాగితాన్ని భార్య యాకమ్మ చదివేది. మగ్గం పక్కన పీట వేసుకుని, "ఎర్ర నాలుగు. నల్ల రెండు. మళ్ల ఎర్ర నాలుగు" అంటూ చెప్పేది. రంగు దారాల ఉండలు వరసగా పెట్టుకుని ఆయన నేసేవాడు. పొయ్యి మీద పప్పు పొంగితే యాకమ్మ లేచేది, మగ్గం ఆగేది. యాకమ్మ చెల్లెలింటికని మరిపెడ పోతే, తిరిగొచ్చేదాకా మగ్గం ఊరికే ఉండేది. ఆ రోజుల్లో రాయమల్లు ఇంట్లో ప్రతి దానికీ వంక పెట్టేవాడు. అన్నం మెత్తగైందనేవాడు, కుక్క ఎక్కువ మొరుగుతోందనేవాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు, పద్మలత. హనుమకొండలో ఒక కంప్యూటర్ రిపేరు దుకాణంలో పని చేస్తుంది. మూలన పడ్డ కంప్యూటర్లను విప్పి బాగు చేయడం ఆమె పని. అమ్మ గొంతు బొంగురుపోవడం, నాయన ఊరికే కూర్చుని కుక్కను తిట్టడం చూసి చూసి, చివరికి ఆమె ఒక పెట్టె చేసింది. పాత కంప్యూటర్ల లోపలి సామానుతో, వాటిల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడా దొరకనివి కూడా, ఒక్కో తీగకు టంకం పెట్టుకుంటూ, పగలు దుకాణంలో ఉద్యోగం చేసి సాయంత్రాలు ఇంట్లో కూర్చుని చేసింది. అమ్మను మైకు ముందు కూర్చోబెట్టి అన్ని రంగుల పేర్లూ, అన్ని అంకెలూ చెప్పించి అందులో ఎక్కించింది. డిజైన్ కాగితాన్ని కూడా ఎక్కించింది. కింద కాలితో తొక్కే మీట పెట్టింది. రాయమల్లు మీట తొక్కితే చాలు, పెట్టెలోంచి యాకమ్మ గొంతు తర్వాతి వరుస చెప్తుంది. వినపడకపోతే ఇంకోసారి తొక్కుకోవచ్చు. అసలు యాకమ్మను ఇంకోసారి చెప్పమంటే ఏమయ్యేదో కాశిబుగ్గ అంతటికీ తెలుసు.

ఆ పెట్టె వచ్చాక మగ్గం మళ్లీ ఆగింది లేదు. పద్మలత తీసిన చిన్న వీడియో ఒకటి చేతులు మారి, మారి, ఆస్ట్రేలియాలో ఎవరి కంటో పడింది. చూపు లేనివాళ్లు చేతిపనులు చేసుకోవడానికి వాడే రకరకాల పనిముట్లను ఒకచోట చేర్చి చూపించే సభ మెల్‌బోర్న్‌లో ఉందట. తండ్రీ కూతుళ్లు ఇద్దరూ రావాలి, అక్కడ మగ్గం మేము పెడతాం, పెట్టె మీరు తేవాలి, టికెట్లు మావే అని పిలుపు వచ్చింది.

రాయమల్లు ఆ పిలుపును తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. "నా జంఖాన చూడనీకి పిలిచిన్రు" అని వీధి వీధంతా చెప్పాడు. "మా బిడ్డ డబ్బా గూడ ఎంబడి వస్తాంది" అని చివర కలిపేవాడు. పోయేలోపు ఒక జంపఖానా నేశాడు. చిన్నప్పుడు ఖిలా వరంగల్‌లో ఆడుకుంటూ చూసిన రాతి తోరణాలు గుర్తు తెచ్చుకుని, కూతురితో కాగితం మీద గళ్లు గీయించి, పెట్టె చెప్తుంటే నేశాడు. ఒక పట్టీ తోరణాలు, ఒక పట్టీ ఖాళీ, మళ్లీ తోరణాలు. చూపు పోయాక అంత పెద్దది, అంత కష్టమైనది ఆయన నేయలేదు. అందరినీ పిలిచి తడిమి చూడమన్నాడు. పక్కింటి కట్టమ్మ కళ్లతో చూసి బాగుందంటే ఒప్పుకోలేదు, చెయ్యి పట్టుకుని తడిమించాడు.

పద్మలతకు మాత్రం నిద్ర పట్టేది కాదు. గొంతులు, డిజైన్లు అన్నీ ఆమె రెండు చోట్ల దాచిపెట్టింది, వాటికి ఫికర్ లేదు. భయమంతా పెట్టెకే. అలాంటిది ఇంకోటి లేదు. ఒక్క టంకం ఊడినా, లోపలి బోర్డు చిట్లినా, అక్కడికి పోయి ఏం చూపిస్తారు? అందుకే పెట్టెను సామాన్ల బెల్టు మీద వేయనని తేల్చి చెప్పి, విమానంలో సీటు కింద పట్టే కొలత ముందే అడిగి తెలుసుకుంది. లోపల బరువుగా ఉండే ఫ్యాను, దాని కింది లోహపు దిమ్మ ఊగి బోర్డును విరగ్గొట్టకుండా విప్పి వేరుగా చుట్టింది. బ్యాటరీల మొనలకు టేపు వేసి చేతిసంచిలో పెట్టుకుంది. పెట్టెను వెండిరంగు కవరులో పెట్టింది. ఒంట్లోని కరెంటు తగిలి బోర్డు పాడవకుండా కాపాడే కవరు అది. చివరికి నల్లటి ఫోమ్‌ను ఆరువైపులా కొలిచి కోసి, అట్టపెట్టెలో బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. ఏదీ కదల్లేదు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం ఆమె కాగితాలు ప్రింటు తీయించుకొస్తానని వెళ్లింది. రాయమల్లు అట్టపెట్టె ముందు కూర్చున్నాడు. మూత తీసి ఫోమ్‌ను వేళ్లతో నొక్కాడు. అది అణిగి మళ్లీ లేచింది.

"గిదేందే, ఉత్త గాలి!" అన్నాడు. "విమానం ఎగిరినప్పుడు ఇది గూడ ఎగురుతది. పత్తి పెడితె పట్టుకుంటది."

"బిడ్డ కొలుసుకోని పెట్టింది. ముట్టకు" అంది యాకమ్మ.

"పత్తి సంగతి నాకు చెప్తవా? పుట్టి బుద్ధెరిగినకాంచి దాంట్లనే ఉన్న."

యాకమ్మ చెల్లెలి కొడుకు మరిపెడ చేను నుంచి అంతకుముందే ఒక సంచి పత్తి తెచ్చి పడేసి పోయాడు, దిండ్లకు పనికొస్తుందని. రాయమల్లు ఫోమ్ ముక్కలన్నీ తీశాడు. వెండి కవరు గరగరమంటోందని అదీ తీసేశాడు. పెట్టె చుట్టూ, పెట్టె కిందా, సందు కనబడిన ప్రతి చోటా పత్తి కూరాడు. వేళ్లతో అదిమి అదిమి కూరాడు. మళ్లీ టేపు వేసి నున్నగా రుద్దాడు. మోకాళ్ల నొప్పులతో బాధపడే కట్టమ్మను పిలిచి, కింద వేసుకుని కూర్చోమని ఫోమ్ ఇచ్చేశాడు. "బిడ్డకు చెప్పు" అని యాకమ్మ పోరింది. "చెప్పుడెందుకు, అక్కడ పోయినంక తనే అంటది మంచిగ పెట్టినవ్ బాపూ అని" అన్నాడు. శంషాబాద్ దాకా కారులో పెట్టెను ఎవరికీ ఇవ్వకుండా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా ఆయనకు సంతోషంగానే ఉంది.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గర అమ్మాయి తెలుగే మాట్లాడింది. అట్టపెట్టె పట్టుకునే చిల్లులోంచి తెల్లగా ఏదో బయటికి వచ్చి ఉందట.

"ఇదేంటండీ, లోపల ఏముంది?" అని అడిగింది.

"కంప్యూటర్ మెషిన్ మేడమ్, ఫోమ్‌తోని ప్యాక్ చేసిన" అంది పద్మలత.

"ఫోమ్ గాదు, పత్తి" అన్నాడు రాయమల్లు గర్వంగా. "మా మరిపెడ పత్తి బిడ్డా. చేన్ల ఏరింది ఏరినట్టే పెట్టిన."

"అంటే గింజలతో సహానా?"

"గింజ లేకుంట చేన్ల పత్తెట్ల వస్తదమ్మా?"

ఆ అమ్మాయి గొంతు మారింది. ఆస్ట్రేలియాలో గింజలు, మట్టి, ఆకులు అలములు అసలు రానివ్వరని, దిగగానే పెట్టెను ఆపేస్తారని, పట్టుకుపోయి ఎప్పుడిస్తారో, ఏం మందు కొట్టి ఇస్తారో, అసలు ఇస్తారో లేదో చెప్పలేమని అంది. "మొత్తం తీసేయండి సార్. ఒక్క గింజ కూడా ఉండకూడదు. కౌంటరు మూసేలోపు రండి" అని పక్కకు చూపించింది.

పద్మలత అట్టపెట్టెను ఒక బెంచీ మీదికి తీసుకుపోయి మూత తీసింది. రాయమల్లుకు పత్తి లాగుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది.

"బాపూ, వెండి కవరేది?"

"ఇంట్లున్నది."

"లోపల చెయ్యి పెట్టినవా?"

"సందులల్ల కూరనీకి పెట్టిన."

కూతురు తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే వాదించడానికి ఆయన దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె తిట్టలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినబడింది. ఏళ్ల తరబడి ఎవరి ముందూ రాని మాట అప్పుడొచ్చింది.

"తప్పు జేసిన బిడ్డా."

"తర్వాత మాట్లాడదం బాపూ. ముందుగాల గింజలు తియ్యాలె."

ఆమె తన ఒంట్లోని కరెంటు పోయేలా బెంచీ ఇనుప కాలును ఒకసారి పట్టుకుని, తర్వాత పెట్టె విప్పింది. ఫ్యాను విప్పిన చోట ఖాళీగా ఉన్న రంధ్రంలోంచి పత్తి, గింజలు లోపలికి పోయి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసింది. "నువ్వు బోర్డు ముట్టకు. ఈ అట్టపెట్టె, బట్టలు నీ పని" అంది. రాయమల్లు అట్టపెట్టెను తలకిందులు చేసి, మడతలన్నీ వేళ్లతో తడిమి, దూదిలో దాక్కున్న గింజలను ఏరాడు. కూతురి చీరకు అంటుకున్నవి, తన ధోవతి మడతలోకి జారినవి, అన్నీ ఏరి చెత్తబుట్టలో వేశాడు. అట్టపెట్టె శుభ్రమైంది. పెట్టె దిగంబరంగా బెంచీ మీద ఉంది. ఇప్పుడు దాన్ని దేంట్లో పెట్టాలి?

పద్మలత తన చీరలు తీసి చుట్టి చూసింది. చీరలు మెత్తనే గాని అణిగిపోయాయి. ఊపితే లోపల పెట్టె దబ్బున తగిలింది.

"జంఖాన తియ్యి" అన్నాడు రాయమల్లు.

"బాపూ, అది సభల పరిచేది."

"తియ్యి."

మందపాటి జంపఖానా. చుడితే బాగా పట్టుకుంది, కానీ మడతలు పడి అట్టపెట్టెలో దూరలేదు. బలవంతంగా దూర్చితే మూత పడదు, మూత పడకపోతే సీటు కింద పట్టదు. రెండుసార్లు చూశారు. రాయమల్లు జంపఖానాను నేల మీద పరిపించి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరచేత్తో తోరణాల మీదుగా పోయి, ఖాళీ పట్టీ దగ్గర ఆగాడు.

"ఆ సామాన్లకు ప్లాస్టిక్ చుట్టేటోళ్ల దగ్గర కత్తెర ఉంటది, పట్టుకరా."

"బాపూ, వద్దు. నేను ఇంకేదన్న చూస్త."

"నేను నేసింది నేను మళ్ల నేస్త. నువ్వు చేసింది నాకెవరు చేసిస్తరు? పట్టుకరాపో."

ఆమె తెచ్చింది. నేసినవాడు తన నేతను అడ్డంగా కోయడం కాశిబుగ్గలో ఎవరూ చేయని పని. చావు ఇంట్లో కూడా మగ్గం మీది గుడ్డను కోయరు, నేత పూర్తయ్యేదాకా ఆగుతారు. రాయమల్లు ఖాళీ పట్టీల వెంట కత్తెర పోనిచ్చాడు. కోసిన చోట నాలుగు వరుసలు ఊడదీసి, వేలాడే పోగులను గుత్తులుగా ముడివేశాడు, విచ్చిపోకుండా. ముడి ఒక్కటీ తప్పలేదు. ఆ ముక్కలను పెట్టెకు కింద, పైన, నాలుగువైపులా తనే తొడిగాడు. సందు ఉన్నచోట ఇంకో మడత పెట్టాడు. మూత పడింది. పద్మలత చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"కదుల్తలేదు బాపూ" అంది.

"లోపల బతికున్నదా?"

"అక్కడ బిగించినంకనే తెలుస్తది."

విమానంలో ఆ పెట్టె ముందు సీటు కిందికి పోయింది. రాయమల్లు రెండు పాదాలూ దానికి ఆనించి కూర్చున్నాడు. విమానం ఎక్కడం ఆయనకు అదే మొదలు, కానీ పైకి లేచింది ఎప్పుడో కూడా పట్టించుకోలేదు. అన్నం తెస్తే వద్దన్నాడు. వేళ్లతో తను లోపల ఎక్కడెక్కడ తడిమాడో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాడు. ఏ తీగకు తగిలిందో, ఏ టంకం కదిలిందో! కూతురి కష్టాన్ని తన చేతులతోనే చంపేశానేమోనని భయమేసింది. చూపు పోయినప్పుడు కూడా ఇంత భయపడలేదు.

మెల్‌బోర్న్‌లో దిగాక అధికారులు పెట్టె విప్పించారు. పద్మలత జరిగింది దాచకుండా చెప్పింది. వాళ్లు జంపఖానా ముక్కలను దులిపి, లైటు వేసి, మడత మడతా చూశారు. ఒక్క గింజ కూడా దొరకలేదు. పొమ్మన్నారు.

మర్నాడు సభలో మగ్గం ముందు రాయమల్లును కూర్చోబెట్టారు. చుట్టూ జనం చేరిన అలికిడి, తెల్లకర్రలు నేలకు తగిలే చప్పుడు వినబడుతోంది. పద్మలత ఫ్యాను బిగిస్తోంది. స్క్రూలు తిరిగే చప్పుడు ఒక్కొక్కటే లెక్కపెట్టకుండా ఉండలేకపోయాడు. ఆమె స్విచ్చి వేసింది. ఏమీ కాలేదు. ఆమె ఏదో తీగ తీసి, ఊది, మళ్లీ గుచ్చి స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది.

"తొక్కు బాపూ."

తొక్కాడు. పెట్టె పలికింది. "ఎర్ర నాలుగు. నల్ల రెండు." యాకమ్మ గొంతు, అదే బొంగురు, అదే తొందర.

రాయమల్లు అంతమంది ముందు ఏడ్చేశాడు. తుడుచుకోలేదు కూడా. దారం అందుకుని నేయడం మొదలుపెట్టాడు. మీట తొక్కడం, వినడం, నేయడం, పంజాతో కొట్టడం, మెల్లగా చేతులకు పాత వేగం వచ్చింది. తోరణం వంపు లేచేసరికి చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నేసినంత మేర తడిమి చూశారు. పెట్టెనూ తడిమారు. దాని కింద పరిచిన జంపఖానా ముక్కలనూ తడిమారు. ఎవరో రెండు మాటలు చెప్పమని మైకు ఆయన చేతికిచ్చారు.

ఆయన లేచి నిలబడ్డాడు.

"గీ పెట్టె నా బిడ్డ పద్మలత చేసింది" అన్నాడు. "మీరు పిలిచింది నా జంఖానకని ఊరంత చెప్పుకున్న. తప్పు. కండ్లు పోయినంక మగ్గం మీద చెయ్యేసి ఎన్నిసార్లు ఏడ్చిన్నో మా ఇంటిదానికి గూడ తెల్వదు. నా బిడ్డకు ఎట్ల తెలిసిందో మరి, నా మగ్గం నాకు మళ్ల ఇచ్చింది. దీన్లె పత్తి కుక్కి సగం సంపింది నేను. బతికిచ్చింది నా బిడ్డ. నన్ను ఒక్క మాట గూడ అనలే. దీని కోసం నా జంఖాన కోసిన. ఇంక పది ఉంటె పదీ కోస్త. ఏం నేసినా గాని, నా బిడ్డంత మంచిది నా చేతిల నుంచి ఇంకోటి రాదు. నా బిడ్డను చూడున్రి."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందరూ పద్మలత వైపు తిరిగారు. ఆమె మైకు తీసుకుని ఇంగ్లీషులో, మా నాన్న మీ అందరికీ ధన్యవాదాలు చెప్తున్నారు, ఈ పెట్టె ఆయనకు బాగా ఉపయోగపడిందట అని చెప్పి మైకు దించింది.

రాయమల్లు చెవులు రిక్కించి విన్నాడు.

"గంతేనా? నేను గింత పొడుగు చెప్తి. ఏమేం కోసినవ్?"

"బాపూ, అదంత నా గురించే ఉన్నది. నా గురించి నేనే ఎట్ల చెప్పుకుంట?"

"నీ గురించి చెప్పమన్ననా? నా బిడ్డ గురించి చెప్పమన్న. చెప్పు, మొదటిసంది."

అక్కడ కూడా వాదంలో ఆయనతో గెలిచే వాళ్లు లేరు. పద్మలత కళ్లు తుడుచుకుని మైకు మళ్లీ అందుకుంది. ఈసారి ఒక్క మాట కూడా వదలకుండా చెప్పింది. తెలియని భాషలో కూతురి పేరు వినబడినప్పుడల్లా రాయమల్లు అవునవునని తల ఊపుతూ నిలబడ్డాడు.